మామిడి చెట్టు మీది చీమల గూళ్లు: ఉంచాలా, తీసేయాలా?

మా పెరట్లోని బంగినపల్లి చెట్టు నిండా ఎర్రచీమలు ఆకులతో గూళ్లు కట్టాయి. కట్టే తీరు మాత్రం చూసి తీరాలి. ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా నిలిచి ఆకుల అంచులను దగ్గరకు లాగుతాయి. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరచుకుని తెచ్చి, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆ అంచులను అతికిస్తాయి. ఊయలలో ఉండాల్సిన పిల్లలతో వెట్టిచాకిరీ!

చైనాలో నారింజ తోటల్లో పురుగులను పట్టడానికి ఈ చీమలను శతాబ్దాలుగా పెంచుతున్నారని చదివి, మందు కొట్టకుండా వదిలేశాను. అయితే లేత కొమ్మలపై రసం పీల్చే పిండినల్లి అనే తెల్లటి పురుగుకు ఇవే కాపలా కాస్తున్నాయి, అది కార్చే తీపి ద్రవం కోసం. ఆ జిగురు పడిన ఆకులకు మసిలా నల్లబూజు పట్టింది. కాయ కోయడానికి చెట్టెక్కితే ఒళ్లంతా కరుస్తున్నాయి.

కోతకు అడ్డొచ్చే గూళ్లను మాత్రమే కొమ్మతో సహా కత్తిరిస్తే మిగతావి నిలుస్తాయా? ఒకే రాణికి చెట్టంతా గూళ్లుంటాయట. రాణి ఉన్న గూడును గుర్తుపట్టేదెలా? పక్కింటి వేపకొమ్మ మా చెట్టుకు తగులుతోంది, చీమలు దాని మీదుగా రాకుండా దాన్ని కూడా కొట్టించాలా? తోటలున్నవారు దయచేసి చెప్పండి.