కొలెస్ట్రాల్‌కు రోజూ ఇసబ్‌గోల్ అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువగా ఉందని రోజూ రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ తాగుతున్నారు. అది మలబద్ధకానికి వాడేది, గుండెకు ఏం చేస్తుందని అమ్మ వాదన. ఎవరి మాట నిజం?

విజయవాడ సభ్యురాలు: నేను అమ్మగారి పక్షమే. గోరుచిక్కుడు, బెండకాయ, అలసందలు, మెంతులు ఉండగా డబ్బా పొడి ఎందుకండీ? వాటిలో పీచుతోపాటు విటమిన్లు, ఖనిజాలు వస్తాయి. పొడి తాగుతున్నాం కదా అని కంచంలో కూర తగ్గించేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అదే నా బాధ.

హైదరాబాద్ సభ్యుడు: కూర తగ్గించకూడదన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఇసబ్‌గోల్‌ను మలబద్ధకానికే పరిమితం చేయకండి. ఆ గింజల పొట్టును నీళ్లలో వేస్తే కాసేపటికే చిక్కటి జిగురవుతుంది. పేగులో ఆ జిగురు, కొవ్వు అరగడానికి కాలేయం తయారుచేసే పిత్త ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. వాటిని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను తీసుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1998లోనే దీన్ని గుర్తించింది. సంతృప్త కొవ్వు తక్కువగా తింటూ ఇసబ్‌గోల్ ద్వారా రోజుకు 7 గ్రాముల నీటిలో కరిగే పీచు తీసుకుంటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని డబ్బాల మీద రాసుకోనిచ్చింది. అంటే సుమారు 10 గ్రాముల పొట్టు. రాత్రిపూట ఒక్క చెంచాతో అంత అందదు. అంత తాగినా ఎల్‌డీఎల్ తగ్గేది 5 నుంచి 10 శాతం వరకే. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి ఉంటే మాత్రం దయచేసి మానిపించకండి.

విజయవాడ సభ్యురాలు: మరి కడుపుబ్బరం? మా పిన్ని పీచు పొడి మొదలుపెట్టి నానా అవస్థ పడింది.

హైదరాబాద్ సభ్యుడు: అది ఇన్యులిన్ ఏమో, డబ్బా చూడమనండి. చికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్ కూడా కరిగే పీచే, కానీ అలా జిగురు కట్టదు. పెద్దపేగులో సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. కొలెస్ట్రాల్ విషయంలో దాన్ని ఇసబ్‌గోల్‌తో సమానంగా చూడలేం. ఇసబ్‌గోల్ అయినా కొద్దికొద్దిగా పెంచాలి, నిండు గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమైనవాళ్లు అసలు తాగకూడదు. థైరాయిడ్ మాత్రకు, దీనికి కనీసం 4 గంటల ఎడం ఉండాలి. షుగర్ మందులు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. నాన్నగారిని రెండు మూడు నెలలు సరైన మోతాదులో వాడి, మళ్లీ లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకోమనండి. ఎల్‌డీఎల్ కదలకపోతే కొలెస్ట్రాల్ కోసమని కొనసాగించనక్కర్లేదు.