కారు ఆగితే ఏసీ చల్లదనం పోతోంది, ఫ్యాన్ హై స్పీడ్ అందుకోవడం లేదు

ఈ వేసవిలో సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నాం. చుట్టాల రాకపోకలకీ, స్వచ్ఛంద సేవకు వచ్చే పెద్దవాళ్లను దింపడానికీ రోజూ తిరుగుతోంది. 40 కి.మీ. వేగం దాటితే ఏసీ చక్కగా చల్లబడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన మూడు నాలుగు నిమిషాలకే వేడి గాలి మొదలవుతుంది. న్యూట్రల్‌లో 1500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసినా మార్పు లేదు, బండి కదలాల్సిందే. పొద్దున పూట ఈ ఇబ్బంది రాదు.

క్యాబిన్ ఫిల్టర్ మార్చాం, కండెన్సర్ (బండి ముందు భాగంలో ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) కడిగించాం, గ్యాస్ మొత్తం తీసి తూకం ప్రకారం మళ్లీ నింపించాం. రిలేలు (ఫ్యాన్ లాంటి వాటికి కరెంటు అందించే చిన్న స్విచ్‌లు) కూడా మార్చి చూశాం. ఇంజన్ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది.

బానెట్ ఎత్తి చూస్తే, ఏసీ వేయగానే కండెన్సర్ మీదుగా గాలి లాగే ఫ్యాన్ తిరుగుతుంది కానీ నెమ్మదిగానే. ఎంతసేపు చూసినా వేగం పెరగదు. కండెన్సర్ ముందు కాగితం పెడితే అంటుకోకుండా జారిపోతోంది. మెకానిక్ కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను ఒత్తిడితో తిప్పే పంపు) మార్చాలంటున్నారు, నాకైతే నమ్మకం కుదరడం లేదు. వెనక సీట్లో పెద్దవాళ్లు చెమటతో తడిసిపోతుంటే చాలా బాధగా ఉంది.

రెండు వేగాలున్న ఈ ఫ్యాన్‌లో హై స్పీడ్ రాకపోవడానికి కారణం మోటారా, వైరింగా, ఏసీ ప్రెషర్ సెన్సారా (గ్యాస్ ఒత్తిడిని కొలిచేది) అన్నది మల్టీమీటర్‌తో (కరెంటు, వోల్టేజ్ కొలిచే మీటర్) ఎలా తేల్చుకోవాలి?