హమ్మురాబీ ‘కంటికి కన్ను’ ఎవరి కంటికి? అంతకన్నా పాత శాసనాల్లో జరిమానా ఎందుకుంది?

శాసనపాఠి అడిగిన ప్రశ్న:

చట్టాల చరిత్ర గురించి తెలుగులో చదివినచోటల్లా ఒకే వరస కనబడుతోంది. మొదట పగలూ ప్రతీకారాలూ ఉండేవి, తర్వాత బాబిలోన్ రాజు హమ్మురాబీ ‘కంటికి కన్ను, పంటికి పన్ను’ అన్నాడు, ఆ పైన నాగరికత పెరిగి జరిమానాలు వచ్చాయి అని. కానీ సుమేరియా రాజు ఊర్-నమ్ము శాసనం హమ్మురాబీ కన్నా మూడు వందల ఏళ్లకు పైగా పాతది. అందులో కన్ను పోగొడితే వెండి తూచి ఇవ్వమనే ఉంది. అలాంటప్పుడు ఆ వరస తలకిందులు కాదా? ఇంకో సందేహం: కంటికి కన్ను అనేది అందరికీ వర్తించిందా? జరిమానా పడిన చోట ఆ వెండి ఎంత బరువైన శిక్ష?

తాళపత్రం:

తలకిందులేనండి. పాఠ్యపుస్తకాల్లోని ఆ వరస మెసొపొటేమియాకు (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పొసగదు. ఊర్-నమ్ము శాసనం సుమారు క్రీ.పూ. 2100 నాటిది. అందులో కంటికి అర మినా వెండి, దుడ్డుకర్రతో ఎముక విరగ్గొడితే ఒక మినా, పంటికి 2 షెకెల్లు. హత్యకు మాత్రం మరణశిక్ష. ఎష్నున్నా అనే నగరరాజ్యపు శాసనం హమ్మురాబీకి కాస్త ముందుది. అక్కడ ముక్కు కొరికినా, కన్ను పోగొట్టినా ఒక మినా, పంటికీ చెవికీ అర మినా, చెంపదెబ్బకు 10 షెకెల్లు. ఒక మినాకు 60 షెకెల్లు, ఒక షెకెల్ 8 గ్రాముల పైచిలుకు. అంటే మినా దాదాపు అర కిలో వెండి.

హమ్మురాబీ దగ్గరకు వచ్చేసరికి (క్రీ.పూ. 1750 ప్రాంతం) ఒక్క వర్గానికి ఈ పద్ధతి మారింది. 196వ నిబంధన ప్రకారం ఒక అవీలుం, అంటే పూర్తి హక్కులున్న పెద్దమనిషి, మరో అవీలుం కన్ను పోగొడితే అతని కన్ను తీస్తారు. 197 ప్రకారం ఎముకకు ఎముక. 198కి వచ్చేసరికి దెబ్బతిన్నవాడు ముష్కేనుం, అంటే దిగువ తరగతి స్వతంత్రుడు అయితే, కన్నయినా ఎముకైనా ఒక మినా వెండితో సరి. 199లో బానిస. అతని ఖరీదులో సగం, అదీ యజమానికి చెల్లుతుంది. కాబట్టి ‘కంటికి కన్ను’ సమానుల మధ్య మాట. ఆ మొదటి వాక్యం ఒక్కటే పైకెత్తి, దాని కిందున్న రెండింటినీ వదిలేసి చెప్పడం వల్లే ఇంత అపోహ.

చెంపదెబ్బ చూస్తే ఈ మెట్లు ఇంకా స్పష్టం. తనకన్నా పైవాణ్ణి కొడితే సభలో ఎద్దుతోలు కొరడాతో 60 దెబ్బలు (202), సమానుడైన అవీలుంను కొడితే ఒక మినా (203), ముష్కేనుం మరో ముష్కేనుంను కొడితే 10 షెకెల్లు (204), అవీలుంను కొట్టిన బానిసకు చెవి కోత (205). దెబ్బ ఒకటే. శిక్షను తేల్చేది కొట్టినవాడెవడు, తిన్నవాడెవడు అన్నదే.

జరిమానా నుంచి ‘కంటికి కన్ను’కు ఎందుకు వెళ్లారన్న దానికి పండితుల్లో రెండు వాదాలున్నాయి. డబ్బున్నవాడు వెండి పారేసి తప్పించుకోకుండా, ఇద్దరి తగాదాగా ఉన్నదాన్ని రాజ్యం నేరంగా చేసిందన్నది ఒకటి. హమ్మురాబీ వంశం అమోరీయులనే తెగలది, వాళ్ల తెగ ఆచారం శాసనంలోకి వచ్చిందన్నది రెండోది. నాకు మొదటిది బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అబద్ధపు ఫిర్యాదుల మీద కూడా ఇదే కొలత వాడారు. హత్యానేరం మోపి రుజువు చేయలేకపోతే మోపినవాడికే మరణం (1). ధాన్యం, వెండి దావాలో దొంగసాక్ష్యం చెబితే ఆ దావాలో పడే శిక్ష సాక్షికే (4). ఇది కోర్టును కాపాడుకునే ఆలోచన, తెగల పగ కాదు.

ఒక జాగ్రత్త. ఈ 1 నుంచి 282 దాకా అంకెలు రాతి మీద లేవు. 1901–02లో సూసాలో (ఇప్పటి ఇరాన్) ఈ శాసనం చెక్కిన స్తంభం దొరికాక దాన్ని ప్రచురించిన విన్సెంట్ షెయిల్ వేసినవి. పొరుగు రాజ్యమైన ఏలాం రాజు దోపిడీలో అక్కడికి చేరిన స్తంభంపై కింది భాగం చెక్కేసి ఉంది. 66 నుంచి 99 వరకు ఉన్నవి మట్టిపలకల నకళ్ల నుంచి కొంతవరకే పూరించారు.

వెండికొలత:

మూడో ప్రశ్నకు. ఈ వెండిని ఇప్పటి ధరతో గుణిస్తే లెక్క తప్పుతుంది. అదే శాసనంలోని కూలితో పోల్చాలి. 273వ నిబంధనలో కూలివాడికి సంవత్సరం మొదటి నుంచి ఐదో నెల వరకు రోజుకు 6 ‘గింజల’ వెండి, మిగతా నెలల్లో 5 గింజలు. 180 గింజలు ఒక షెకెల్. అంటే ఒక షెకెల్ సంపాదించడానికి 30 నుంచి 36 రోజులు, ఒక మినాకు 1,800 నుంచి 2,160 రోజులు. ముష్కేనుం కంటికి కట్టే మినా ఐదారేళ్ల కూలి అన్నమాట. జరిమానాయే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పొలాలూ బానిసలూ ఉన్న అవీలుంకు అది నష్టమే తప్ప శరీరం పోదు. అసలు తేడా అక్కడుంది.

బెంచిగుమాస్తా:

తాళపత్రం గారు చెప్పినదానికి ఒక సవరణ. శాసనం రాసినంత మాత్రాన కళ్లు తీశారని కాదు. ఆ కాలపు వ్యాజ్యాల పలకలు చాలానే దొరికాయి, ఈ నిబంధనలను ఆధారంగా చూపి తీర్పు చెప్పినట్టు మాత్రం దాదాపు కనబడదు. రాజు న్యాయవంతుడని చాటే ప్రకటన పాలు ఇందులో ఎక్కువ.

బైబిల్లోనూ ఉన్న ఈ ‘కంటికి కన్ను’ను అచ్చంగా అమలు చేస్తే ఎక్కడ చిక్కు వస్తుందో యూదుల న్యాయగ్రంథమైన తాల్ముద్ పండితులు బావా కామా భాగంలో (83–84 పుటలు) విప్పి చూపారు. కొట్టినవాడు అప్పటికే గుడ్డివాడైతే ఏ కన్ను తీస్తారు? ఒకడి కన్ను పెద్దది, మరొకడిది చిన్నదైతే సమానమెలా? కన్ను తీస్తుండగా ప్రాణం పోతే కంటికి ప్రాణం తీసినట్టవదా? అందుకే కొట్టినవాడు ఐదు పద్దుల కింద డబ్బు కట్టాలన్నారు: అవయవ నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పని పోయిన రోజులు, అవమానం. ఇప్పటి ప్రమాద పరిహారం కేసుల్లో వేసే పద్దులకు ఇది ఎంత దగ్గరో చూడండి. హత్యకు మాత్రం ప్రాణం బదులు సొమ్ము తీసుకోవద్దని బైబిల్లోని సంఖ్యాకాండం (35:31) నిషేధించింది.

ఇక నిర్ణీత జరిమానాకు పట్టే చీడ రోమ్‌లో కనబడుతుంది. క్రీ.పూ. 451–450 నాటి పన్నెండు ఫలకాల శాసనం అవయవం పాడుచేస్తే, రాజీ కుదరని పక్షంలో, అంతకంత అంటుంది. అంటే రాజీకే ముందు చోటు. స్వతంత్రుడి ఎముకకు 300 ఆస్‌లు (రోమన్ నాణేలు), బానిసకు 150, చిన్న దెబ్బకు 25. కాలం గడిచి ఆస్ విలువ పడిపోయింది. లూసియస్ వెరాటియస్ అనేవాడు దారిన పోయేవాళ్ల చెంపలు వాయిస్తూ, వెనకే సంచితో వచ్చే బానిస చేత అక్కడికక్కడే 25 ఆస్‌లు లెక్కపెట్టి ఇప్పించేవాడని రోమన్ రచయిత ఔలస్ గెలియస్ రాశాడు. దాంతో ప్రేటర్లు (రోమన్ న్యాయాధికారులు) ఆ అంకెను పక్కనపెట్టి, ఏ కేసుకు ఆ కేసు నష్టం తేల్చే నిర్ణేతలను పెట్టారట.

శాసనపాఠి:

కూలి లెక్క చాలా ఉపయోగపడిందండి. మన ధర్మశాస్త్రాల్లో ఈ కొలత ఉందా?

తాళపత్రం:

ఉంది, కానీ నేరాన్ని బట్టి దిశ మారుతుంది. దెబ్బల విషయంలో మనుస్మృతి 8.279 తక్కువ వర్ణం వాడు పైవాణ్ణి ఏ అంగంతో కొడితే ఆ అంగమే నరకమంటుంది. ఇది పచ్చి అన్యాయం, హమ్మురాబీ 205 లాంటిదే. దొంగతనంలో మాత్రం తిరగబడింది. 8.337–338 ప్రకారం తప్పు తెలిసి దొంగిలించిన శూద్రుడికి 8 రెట్లు, వైశ్యుడికి 16, క్షత్రియుడికి 32, బ్రాహ్మణుడికి 64 రెట్ల దోషం. అయితే 8.380 బ్రాహ్మణుడికి మరణదండన కూడదంటుంది. ఈ రెండూ కలిపి చదవకుండా ఏదో ఒక్కటే చూపి వాదించేవాళ్లను నమ్మకండి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో అంగచ్ఛేదానికి బదులు కట్టే సొమ్ముకు ఒక అధ్యాయమే ఉంది. మూటముడి కోసే దొంగకు మొదటిసారి వేళ్ల కోత లేదా 54 పణాలు (నాటి నాణేలు). మూడోసారి కుడిచెయ్యి లేదా 400 పణాలు. నాలుగోసారి మరణం, అక్కడ సొమ్ముతో తప్పించుకునే దారి లేదు.

తెలుగులోనే మొదలుపెట్టాలంటే 13వ శతాబ్దంలో కేతన రాసిన విజ్ఞానేశ్వరీయం చూడండి. యాజ్ఞవల్క్యస్మృతి మీది మితాక్షర అనే వ్యాఖ్యానానికి అది తెలుగు రూపం. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండల్లో మీక్కావలసింది వ్యవహారకాండ.