బెదురు గుర్రం: ఎక్కి దారికి తేవాలా, నేల మీదే నేర్పాలా?

మలక్‌పేట సైసు:
నగర శివార్లలో ఒక చిన్న లాయంలో పనిచేస్తాను. రేసుల నుంచి రిటైరైన 7 ఏళ్ల గుర్రం మా దగ్గరికి వచ్చి 6 వారాలైంది. గాలికి టార్పాలిన్ కొట్టుకుంటే చాలు, తలెత్తి పక్కకు దూకేస్తుంది. తంగు (జీను కదలకుండా పొట్ట కింద కట్టే పట్టీ) బిగించబోతే కరవడానికి వస్తుంది. ఇంతవరకు నేను ఎక్కలేదు. హాల్టరూ (తలకు తొడిగే పట్టీ) తాడూ పట్టుకుని రోజుకు 20 నిమిషాలు నేల మీదే పని చేయిస్తున్నాను. యజమాని మాత్రం "ఎక్కి నాలుగు రౌండ్లు కొట్టు, బెదురు దానంతటదే పోతుంది" అంటున్నారు. మీరేమంటారు?

పాత సవారీ:
30 ఏళ్లుగా గుర్రాల మధ్యే ఉన్నాను. మీ యజమాని మాటలో పస ఉంది. కింద బుద్ధిగా ఉన్న గుర్రం మనిషి ఎక్కగానే అంతా మర్చిపోవడం చాలాసార్లు చూశాను. రేసు గుర్రానికి రెండేళ్ల వయసు నుంచే జీను తెలుసు, మనిషి బరువు కొత్త కాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదండీ, నెలల తరబడి పని లేకుండా మేపేదెవరు? చెయ్యి తిరిగిన సవారీ ఆ టార్పాలిన్ పక్క నుంచే పదిసార్లు నడిపిస్తే సరి.

పశువైద్యుడిని:
తంగు దగ్గర కరుస్తోందంటే ముందు నొప్పి సంగతి చూడండి. రేసు గుర్రాల్లో కడుపులో పుళ్ళు చాలా మామూలు. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది, లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. గంటల తరబడి గడ్డి లేకపోతే లోపల మంటే. రేసుల నాటి గింజ దాణా తగ్గించి గడ్డి పెంచండి. నొప్పితో ఉన్న జీవికి ఏ పద్ధతిలో నేర్పినా ఎక్కదు.

మలక్‌పేట సైసు:
డాక్టరు గారూ, వచ్చిన మొదటి వారంలోనే చూపించాం. పుళ్ళకు మందు వాడాం, దాణా తగ్గించాం. కరవడం చాలావరకు తగ్గింది. బెదురు మాత్రం మిగిలింది.

సవారీ గారూ, ఈ 20 నిమిషాల్లో ఏం చేస్తానో చెప్తాను. టార్పాలిన్ మడిచి దూరంగా పెడతాను. గుర్రం చెవులు నిక్కబొడిచి ఆగిపోయిన చోటే నేనూ ఆగుతాను, ముందుకు లాగను. కాసేపటికి తల కొద్దిగా దించుతుంది. ఆ క్షణంలోనే తాడు వదులు చేసి వెనక్కి తీసుకెళ్తాను. పాఠమంతా ఆ వదలడంలోనే ఉంది. రెండు క్షణాలు ఆలస్యమైతే తల దించినందుకు కాక, మళ్ళీ ఎత్తినందుకు వదిలినట్టవుతుంది. మొదట్లో 30 అడుగుల దూరంలో ఆగేది, ఇప్పుడు టార్పాలిన్‌ను మూతితో వాసన చూస్తోంది.

ఎడమ కంటితో చూసిందాన్ని కుడి కంటికీ చూపించాల్సి వచ్చింది. రేసుల్లో ఎక్కడం, నడిపించడం ఎక్కువగా ఎడమ వైపు నుంచే కాబట్టి కుడి వైపు దాని బెదురు ఎక్కువ.

బలవంతంగా పక్కనే నడిపిస్తే నిలబడుతుంది, కాదనను. కానీ ముక్కుపుటాలు బిగిసి, ఊపిరి పట్టి, కన్ను కదలకుండా నిలబడితే దాన్ని ధైర్యం అనుకోలేం. గ్రీకు అశ్వికుడు జెనొఫన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే రాశాడు: బెదిరిన గుర్రాన్ని కొడితే భయం పెరుగుతుంది, నొప్పికి కారణం ఎదురుగా ఉన్న ఆ వస్తువే అనుకుంటుంది అని.

బరాత్ గుర్రాలవాళ్ళ అబ్బాయి:
ఈ ఊపిరి పట్టడం మా ఇంట్లో చూశాను. బ్యాండు, టపాసుల మధ్య రాయిలా నిలబడే గుర్రం ఉండేది, అందరూ మెచ్చుకునేవారు. ఒక రాత్రి పక్కన కుక్క మొరిగితే పెళ్ళికొడుకుతో సహా పరుగు తీసింది. ఆ రోజు నుంచి నాన్న కొత్త గుర్రాన్ని ముందు డప్పుకు దూరంగా కట్టి మేపడం మొదలుపెట్టారు.

పాత సవారీ:
తాడు వదిలే సమయం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. జీను మీద కళ్ళెం చేసే పనీ అదే. కానీ నేల మీద పని అంటూ తాడు కట్టి గంటసేపు గుండ్రంగా పరుగెత్తించేవాళ్ళున్నారు, కీళ్ళు పాడవుతాయి. ఇంకో సంగతి, భయం గుర్రానిదేనా, ఎక్కాల్సిన మనిషిదా? ఎప్పుడు ఎక్కుతారో గుర్తేమిటి?

మలక్‌పేట సైసు:
న్యాయమైన ప్రశ్న. నాకూ భయం ఉంది, మొదటి వారం నన్ను గోడకు నొక్కేసింది. గుండ్రంగా తిప్పడం నేను చేయను. జీను తెచ్చినప్పుడు గడ్డి నమలడం ఆపకపోవడమే నాకు గుర్తు. ఈ వారం నాలుగు రోజులు ఆపలేదు. అందుకే నిన్న స్టూలెక్కి దాని వీపు మీద బోర్లా వాలాను, పది లెక్కపెట్టి దిగాను. తల తిప్పి నా బూటు వాసన చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. ఇవాళ కుడి వైపు నుంచి అదే చేస్తాను. యజమానిని నెలాఖరు దాకా గడువు అడిగితే సరేనన్నారు.