మలక్‌పేట రేసులకి వెళ్లిన మామూలు జనం గురించి చెప్పగలరా?

హైదరాబాద్‌లో గుర్రప్పందేలు మొదట మౌలాలీలో జరిగేవని, 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మలక్‌పేటకి మారాయని పుస్తకాల్లో ఉంది. నవాబుల సంగతులకీ కొదవలేదు. నాకు కావాల్సింది మామూలు జనం సంగతి. 1970ల్లో ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ పెట్టుకుని, ఏ రేసులో ఏ గుర్రాలున్నాయో ఉండే రేసుబుక్కులో పెన్సిల్‌తో టిక్కులు కొట్టుకున్న గుమస్తాలు, మెకానిక్కుల గురించి.

చౌక టికెట్‌వాళ్లు ఎక్కడ నిలబడేవారు? ఆడవాళ్లు వచ్చేవారా? బుకీలు అప్పు మీద పందెం రాసుకునేవారా? 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో ఆడే ఆటేనంది, సరే. జీతం పోగొట్టుకొచ్చినవాడి ఇంట్లో ఆ మాట ఎవరు వింటారు! ఆ గొడవలూ కావాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లని కాస్త అడిగి చెప్పండి. పాత రేసుబుక్కులుంటే ఫొటో తీసి పెట్టగలరా?