ఈ వారం సమస్య: కత్తిదెబ్బ తినినఁ గమ్మనౌను

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది (ఆ.వె.). ఇచ్చింది నాలుగో పాదం, దానికి అతికేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఈసారి రణరంగాలూ, చెరకు తోటలూ వద్దు, విషయం ఇంట్లో కాఫీ గింజలు ఆడుకునే చిన్న గ్రైండరే. ఎందుకంటే నిన్న నేను దాని బటన్ నిమిషం సేపు వదలకుండా నొక్కిపట్టాను. గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కింది, కత్తి కింద పొడి అట్టకట్టింది, పైన మాత్రం పలుకులు పలుకులుగానే ఉంది. ఆ మెత్తటి పిండి ఇత్తడి ఫిల్టర్ చిల్లుల్లో కూరుకుపోయి, గంటైనా డికాక్షన్ దిగలేదు. పొద్దున్నే మా ఆవిడ దగ్గర పడ్డ అక్షింతలు వేరే.

విశాఖ మాస్టారు:
ఆ.వె.
అరకు లోయ గింజ లమరంగ వేయించి
ఆపి యాపి నొక్కి యాడఁజేసి
వేడినీట వేయ వెదజల్లు నెత్తావి
కత్తిదెబ్బ తినినఁ గమ్మనౌను

నిర్వాహకుడు: "ఆపి యాపి నొక్కి" దగ్గరే మీ అనుభవం తెలిసిపోయింది మాస్టారూ. రెండు మూడు సెకన్లు నొక్కడం, వదలడం, గిన్నె ఒకసారి కుదపడం, మళ్ళీ నొక్కడం. కంకరరాళ్ళ మోత పోయి సన్నటి హోరు మొదలవగానే ఆపాలి. యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే పొంతన) సరిపోయాయి. కానీ మూడో పాదంలో నెత్తావి, అంటే పరిమళం, వచ్చేశాక నాలుగో పాదంలో మళ్ళీ కమ్మదనమా? సమస్యకు పని లేకుండా పోయింది.

విశాఖ మాస్టారు: ఒప్పుకున్నాను. మా అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందన్న హుషారులో రెండుసార్లు పొగిడాననుకోండి.

తెనాలి అక్క:
ఆ.వె.
కొంత పిండి యయ్యెఁ గొంత రవ్వగ నుండెఁ
జేదు పులుపు గలసి చెడెను రుచియు
ముతక నేఱి వేసి ముమ్మారు నూరఁగా
కత్తిదెబ్బ తినినఁ గమ్మనౌను

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో విషయం బాగా పట్టిన పూరణ ఇదేనక్కా. ఈ గ్రైండర్ నూరదు, నరుకుతుంది. రాళ్ళ మధ్య పడితే గింజ దాదాపు ఒకే సైజులో నలుగుతుంది. ఇక్కడ కత్తికి దొరికిందల్లా ముక్కలే. మెత్తటిది నీళ్ళలో త్వరగా దిగిపోయి చేదెక్కుతుంది, ముతకది సగమే దిగి పుల్లగా మిగులుతుంది. ఆ సంగతంతా రెండు పాదాల్లో చెప్పేశారు.

ఒక్క దోషం. "నూరఁగా" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగున్న మాట. దాని మీద "కత్తి" "గత్తి" కావాలి, సమస్య మొదటి అక్షరం మారకూడదు. "ముమ్మారు నూరుము" అనండి, గణమూ సంధీ రెండూ నిలుస్తాయి.

తెనాలి అక్క: సరిచేశానండీ. జల్లెడ మాట ఎక్కడా ఇమడలేదు, అదొక్కటే బాధ. టీ వడపోసే జాలీతో జల్లించి, పైన మిగిలిందే మళ్ళీ వేస్తాను నేను.

డాలస్ తమ్ముడు: కొత్తవాణ్ణి, తప్పులుంటే తిట్టండి.
ఆ.వె.
ధనియములను నూరి దానినే తుడువక
కాఫిగింజ వేయఁ గంపు కొట్టె
బియ్య మింత వేసి బిరబిర నాడించు
కత్తిదెబ్బ తినినఁ గమ్మనౌను

తెనాలి అక్క: నవ్వాపుకోలేకపోయాను తమ్ముడూ! ధనియాల కాఫీ మా ఇంట్లోనూ ఒకసారి దిగింది.

నిర్వాహకుడు: కాఫీని "కాఫి" చేశావు, పోనీ, పద్యంలో చెల్లుతుంది. అసలు చిక్కు అన్వయం దగ్గర. కమ్మనైంది ఏది, బియ్యమా, కాఫీయా? మూడో పాదం ఇలా మార్చి చూడు:

బియ్యమాడి పిదప బిరబిర గింజలు

ఇప్పుడు దెబ్బ తిన్నది గింజే. గుప్పెడు పొడి బియ్యం వాసననూ నూనె జిడ్డునూ లాక్కుంటుంది. తర్వాత ప్లగ్ తీసేసి, పొడి బ్రష్‌తో దులుపు. మోటారు ఉన్న గిన్నెను నీళ్ళలో ముంచకు.

విశాఖ మాస్టారు: "బిరబిర" మాత్రం మీరు నిన్న చేసిన పొరపాటే కదా!

నిర్వాహకుడు: యతి కోసం అమ్ముడుపోయాను మాస్టారూ.

బెంగళూరు బాబాయి:
ఆ.వె.
ఏడు గింజలంట యెమెను నుండొక సూఫి
చిక్కమగళు కొండఁ జేర్చెనంట
నేఁడు వంటయింట నిత్యమ్ము నా చేతి
కత్తిదెబ్బ తినినఁ గమ్మనౌను

ఊరి పేరు సగానికి నరికాను, క్షమించాలి.

నిర్వాహకుడు: నరకడం ఈ వారం ఎలాగూ నడుస్తోంది బాబాయ్. "మగళూ" అని దీర్ఘం పెడితే అక్కడ ఉండాల్సిన సూర్యగణం (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు) చెడుతుంది, వేరే దారి లేదు. మీరు చెప్పిన సూఫీ బాబా బుడన్ కథ పదిహేడో శతాబ్దం నాటిదని చెప్పుకుంటారు, మీరు పెట్టిన రెండు "అంట"లూ అందుకు సరిపోయాయి. "నేఁడు"తో పాటు "నిత్యమ్ము" ఎందుకని అడగొచ్చు. అడగను. "నా చేతి" దగ్గర పాదం విరిచి సమస్యను అందుకున్న తీరుకు ఆ తప్పు మాఫీ.

డాలస్ తమ్ముడు: నిర్వాహకుడు గారూ, ఇంతకీ ఆ ఫిల్టర్ చిల్లులు వదిలాయా?

నిర్వాహకుడు: సూదితో పొడుస్తున్నాను. పదిహేనో చిల్లు మీద ఉన్నాను.