పాత వరస ఇంటి గోడ అడుగున నెమ్ము: ఇంజెక్షన్ కొట్టించాలా?

ప్రశ్న (కొత్తకాపు):
నగరం నడుమ పాత కార్మికుల పేట. ఇప్పుడు కాఫీ షాపులొచ్చి ఇళ్ల రేట్లు ఆకాశంలో ఉన్నాయి. నూరేళ్లు దాటిన వరస ఇల్లు, ఇటుక గోడలు. అమ్మినవాళ్లు లోపలంతా సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింట్ వేశారు. ఏడాదికే రెండడుగుల ఎత్తు వరకు పెయింట్ ఉబ్బి, తెల్లటి ఉప్పు రాలుతోంది. నేల తడి పైకి ఎక్కకుండా గోడ అడుగున రంధ్రాలు చేసి కెమికల్ ఇంజెక్షన్ కొట్టి, పైన వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేస్తానంటున్నాడు కాంట్రాక్టరు. చేయించమంటారా?

గారపని:
ఆగండి. ముందు బయటికెళ్లి టేపు పెట్టి కొలవండి. బయటి నేల లోపలి ఫ్లోర్ కన్నా కనీసం 150 మి.మీ. కిందుండాలి. ఇలా మెరుగులు దిద్ది అమ్మే ఇళ్లలో బయట పాత బండల మీదే కొత్త బండలు పరిచేస్తారు, నేల ఎత్తు పెరుగుతుంది. దాంతో గోడలోని డ్యాంప్ ప్రూఫ్ పొర (నేల తడి పైకి రాకుండా గోడ అడుగున వేసేది) నేల మట్టం కిందికి పోతుంది, చెక్క ఫ్లోర్ కింద గాలాడే జాలీలు మూసుకుపోతాయి. వానలో నిలబడి చూరు గట్టర్ కీళ్లు కారుతున్నాయేమో కూడా చూడండి. పాత ఇటుకా సున్నమూ తడి పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకి ఎక్కుతుంది.

తేమకొలత:
కాంట్రాక్టరు తేమ మీటరు గోడకి పెడితే కూత పెట్టిందని నమ్మేయకండి. అది కొలిచేది నీటిని కాదు, కరెంటు పారడాన్ని. గోడలో ఉప్పున్నా కూస్తుంది. ఒక జానెడు అల్యూమినియం ఫాయిల్‌ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. గది వైపు చుక్కలుంటే గాలిలో తేమ, గోడ వైపుంటే గోడలోని తడి. పాత పొయ్యి గొట్టం ఉన్న చోట పసుపు మరక కనిపిస్తే అది వేరే కథ: మసిలోని ఉప్పులు తేమ లాగుతుంటాయి.

కొత్తకాపు:
కొలిచాను. వెనకవైపు 40 మి.మీ. తేడానే ఉంది. ఫాయిల్ గోడ వైపు తడిసింది.

గారపని:
అయితే దొంగ దొరికినట్టే. గోడ వెంట 300 మి.మీ. వెడల్పున బండలు తీసి, మట్టి తవ్వి కంకర నింపండి. పునాది అడుగు దాటి తవ్వొద్దు. పాత ఇళ్ల పునాదులు లోతు ఉండవు.

లోపల సిమెంటుని మరక పైన ఇంకో అడుగు దాకా ఊడగొట్టించండి. ఉలీ సుత్తే వాడమనండి, కరెంటు బ్రేకర్ మిషన్ పెడితే మెత్తటి ఇటుక ముఖం ఊడొస్తుంది. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఎండటానికి నెలకి అంగుళం లెక్క, అంటే తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు. తొందరపడితే కొత్త గార కూడా పాడవుతుంది.

తర్వాత కొత్త గారకి హైడ్రాలిక్ సున్నం (నీళ్లు కలిపితే గట్టిపడే రకం) ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు. పూతకి 10 మి.మీ. మించకుండా, కింది పూత గట్టిపడ్డాకే పైది. మధ్యలో తడి గోనెలు కప్పండి, లేకపోతే నెర్రెలిస్తుంది. జిప్సం అసలొద్దు, తడికి మెత్తబడుతుంది. పైన సున్నం వెల్ల వేయండి, పల్చగా నాలుగు పూతలు.

తేమకొలత:
పక్కింటివాళ్లకి ముందే చెప్పండి. ఉమ్మడి గోడ మీద సుత్తి దెబ్బలకి అవతల పెచ్చులూడతాయి. పని మొదలయ్యే ముందు రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.